మీవాడికి జాలి లేదని ఎవరన్నారు?

చెల్లీ, నలుగురు తల్లులు కూడిన చోట ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "మావాడికి చదువుంది, తెలివుంది, అన్నీ ఉన్నాయక్కా. కానీ ఎదుటి మనిషి పడిపోతుంటే చెయ్యి అందించాలన్న బుద్ధే లేదు." ఈ మాట చెప్పేటప్పుడు ఆ తల్లి గొంతు తగ్గిపోతుంది. మార్కులు రాలేదని చెప్పేటప్పుడు అలా తగ్గదు. మార్కులంటే ట్యూషన్ పెట్టించుకోవచ్చు. ఇది గుణమాయె! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్న సామెత మనందరికీ తెలుసు కదా, అదీ భయం. దారిన పోయే పెద్దాయన సంచి చిరిగి బత్తాయిలు రోడ్డు మీద దొర్లితే పక్కింటి పాప పరుగున వెళ్లి ఏరి పెట్టింది, మనవాడు గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు. అంతే, ఆ రాత్రి తల్లికి నిద్ర పట్టదు. వాడికి జాలి లేదేమో, రేపు మనల్నైనా చూస్తాడా అని ఎక్కడికో వెళ్లిపోతుంది ఆలోచన.

ఆ ఒక్క చూపుతో బిడ్డ గుణానికి తీర్పు చెప్పేయడం పెద్ద అన్యాయం తల్లీ. ముక్కూమొహం తెలియని మనిషికి సాయం చేశాడా లేదా అన్నదాంట్లో వాడి మనసు ఎంత ఉంటుందో, మనం వాడికి నేర్పినవీ, వద్దన్నవీ అంతకంటే ఎక్కువే ఉంటాయి. ఆ నిమిషానికి ఏం చేయాలో వాడికి తెలుసా లేదా అన్నది ఇంకొకటి. ఇవన్నీ వదిలేసి నేరుగా గుండె మీదికి పోతాం.

సంక్రాంతి ముందు విజయవాడ బస్టాండ్‌లో మచిలీపట్నం బస్సు దగ్గర చూసింది చెబుతాను. బస్సు ఇంకా సరిగ్గా ఆగనే లేదు, జనం దాంతోపాటే పరుగు. కిటికీల్లోంచి చేతిరుమాళ్లు, తువ్వాళ్లు, టిఫిన్ సంచులు సీట్ల మీద పడుతున్నాయి. ఒకాయన తొమ్మిదేళ్ల కొడుకుని ముందుకు తోసి "దూరరా, దూరు, మూడు సీట్లు పట్టు" అన్నాడు. వాడు పెద్దవాళ్ల మోచేతుల కిందనుంచి దూరి, మూడు సీట్ల మీదా అడ్డంగా పడుకుని, వచ్చినవాళ్లందరికీ "మనుషులున్నారండీ, మనుషులున్నారు" అని గట్టిగా చెబుతున్నాడు. మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కిన ఒక పెద్దావిడకీ అదే చెప్పాడు. ఆవిడ ముందుకు జరిగిపోయింది. తల్లి వచ్చి కూర్చుని, వాడి తల నిమిరి, "నా బంగారం ఎంత చురుకో" అని చేతిలో జంతికల పొట్లం పెట్టింది.

బస్సు ఉయ్యూరులో ఆగింది. ఒక మామ్మ బియ్యం మూటతో ఎక్కి, సరిగ్గా వీళ్ల సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది. చుట్టూ నాలుగు జతల కళ్లు ఇటే ఉన్నాయి. తల్లి వాడి భుజం మీద తట్టి "లేవరా, మామ్మకి సీటివ్వు" అంది. వాడు లేవలేదు. కిటికీ ఊచ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని బయటికి చూస్తున్నాడు. రెండోసారి చెప్పింది. మూడోసారి గిల్లింది. ఎదురు సీటాయన "ఈ కాలం పిల్లలండీ, పెద్దాచిన్నా లేదు" అన్నాడు. ఆ తల్లి మొహం ఎర్రబడిపోయింది. వాడి కళ్లల్లో నీళ్లు. నేను చూస్తూ కూర్చున్నది ఆ నీళ్లనే. అందులో మొండితనం లేదు, అయోమయం ఉంది. గంట కిందట పెద్దావిడకి సీటు ఇవ్వకుండా కాపాడితే బంగారం అయ్యాడు. ఇప్పుడు అదే పని చేస్తే బుద్ధి లేనివాడయ్యాడు. ఏది ఒప్పో వాడికి ఎవరు చెప్పారు? వాణ్ణి నడుం పట్టి లేపే బదులు ఆ తల్లే లేచి, మామ్మని కూర్చోబెట్టి, "ఇందాక మనం ఒకావిడని పంపేశాం కదరా" అని రెండు ముక్కలు చెప్పి ఉంటే వాడికి ఎప్పటికీ గుర్తుండిపోయేది.

అసలు సాయం చేయాలన్న గుణాన్ని పిల్లలకు మనం ఎక్కడినుంచో తెచ్చి పెట్టనక్కర్లేదట. జర్మనీలో లైప్‌జిగ్ అనే ఊళ్లో ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ తోమసెల్లో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 18 నెలల పిల్లల్ని తీసుకుని చూశారు. 2006లో ఆ సంగతులు ప్రచురించారు. ఆ పిల్లలకు కొత్త మనిషి ఒకాయన బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు. అందుకోబోతాడు, అందదు. లేకపోతే చేతుల నిండా పుస్తకాలతో బీరువా తలుపుకి వెళ్లి కొట్టుకుంటాడు. ఆ బుడతలు తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి క్లిప్పు తీసి ఇచ్చారు, తలుపు తీసి పెట్టారు. 24 మందిలో 22 మంది ఏదో ఒక సందర్భంలో సాయం చేసినవాళ్లే. చాలాసార్లు అడగకుండానే చేశారు. అదే ఆ మనిషి కావాలని క్లిప్పు విసిరేస్తే మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అంటే ఎదుటివాడికి అవసరం ఉందా లేదా అన్నది ఏడాదిన్నర పసివాడికే తెలుస్తోందన్నమాట. మన డాబాల మీద బట్టలారేసే ప్రతి తల్లీ ఇది చూసే ఉంటుంది. బుట్టలోంచి క్లిప్పులు ఒక్కొక్కటే అందిస్తూ కాళ్లకి అడ్డం పడే ఆ పిల్లని "పో, అడ్డం రాకు" అని మనమే పంపేస్తాం చూడు!

వాళ్లే తర్వాత 2008లో ఇంకొకటి చూశారు. సాయం చేసినప్పుడల్లా ఆడుకునే వస్తువు బహుమతిగా ఇచ్చిన పిల్లలు, అది ఆగిపోయాక సాయం చేయడం తగ్గించారట. "భలే చేశావే" అని నోటితో మెచ్చుకున్న పిల్లల్లో అలాంటి తగ్గుదల కనబడలేదు. కాబట్టి తల్లీ, మెచ్చుకోడానికి వెనకాడకు. గుడి మెట్ల దగ్గర ముష్టివాళ్లకి చిల్లర వేస్తే చాక్లెట్ కొనిపెడతానని మాత్రం బేరం పెట్టకు. వాడు డబ్బులు వేస్తుంటే ఫోన్ పట్టుకుని వీడియో తీయడమూ వద్దు. తీసుకునే మనిషికి అది ఎంత నామోషీ!

మరి ఏడాదిన్నరకి ఉన్న గుణం పదకొండేళ్లకి ఏమైపోయింది అంటావు. దీనికి నాకు దొరికినవాటిలో అన్నిటికన్నా మంచి జవాబు ఎర్విన్ స్టౌబ్ అనే ఆయనది. 1938లో హంగరీలో యూదుల ఇంట పుట్టాడు. నాజీల కాలంలో చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు, రౌల్ వాలెన్‌బర్గ్ అనే స్వీడన్ దౌత్యవేత్త ఇచ్చిన రక్షణ పత్రాల వల్లా, పరాయివాళ్ల దయ వల్లా బతికి బయటపడ్డాడు. అమెరికా వెళ్లి చదువుకుని, మనుషులు ఎప్పుడు సాయానికి వస్తారు, ఎప్పుడు రారు అన్నదే జీవితమంతా పరిశోధించాడు. పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి బొమ్మ వేయమనేవాడు. పక్క గదిలోంచి ఏదో పడిన చప్పుడు, ఒక పాప ఏడుపు వినిపిస్తాయి. నిజానికి అది టేపురికార్డరు. లేచి వెళ్లేదెవరు? ఒకటో తరగతి, రెండో తరగతి దాకా వెళ్లేవాళ్లు పెరిగారు. ఆరో తరగతికి వచ్చేసరికి మళ్లీ తగ్గిపోయారు!

వయసొచ్చేకొద్దీ గుండె రాయైపోయిందా? అది కాదు. ఎందుకు వెళ్లలేదంటే పిల్లలు చెప్పింది వింటే మనసు కలుక్కుమంటుంది: చెప్పిన చోటునుంచి లేస్తే ఏమంటారో అని భయపడ్డారట. ఆ తర్వాత ఆయన ఏడో తరగతి పిల్లలతో ఇంకోసారి చేశాడు. కొందరికి మాత్రం ముందుగానే, "పెన్సిలు అవసరం పడితే పక్క గదిలోకి వెళ్లొచ్చు" అని మామూలుగా చెప్పి ఉంచాడు. ఏడుపు గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. ఆ ఒక్క అనుమతి ఉన్న పిల్లలు ఎక్కువమంది లేచి వెళ్లారు. అనుమతి లేనివాళ్లలో చాలామంది కూర్చుండిపోయారు. పిల్లల జాలిలో తేడా ఏమీ లేదు చెల్లీ, తేడా అంతా అనుమతిలోనే.

ఇప్పుడు మనిళ్ల సంగతి చూడు. పొద్దున లేచిన దగ్గర్నుంచి వాడికి మనం చెప్పేదేమిటి? అటూ ఇటూ చూడకు, ఎవరితో మాట్లాడకు, నీ పని నువ్వు చూసుకో, మనకెందుకొచ్చిన గొడవ. క్లాసులో పక్కవాడికి ఒంట్లో బాగోక వాంతి చేసుకున్నా టీచరు చెప్పందే సీటు లేవకూడదు. స్కూలు వ్యాను, ట్యూషను, హోంవర్కు, మధ్యలో ఊపిరి తీసుకునే టైము లేదు. ఈ తొందర సంగతీ తక్కువదేం కాదు. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోతున్న 40 మంది విద్యార్థుల మీద డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం 1973లో అచ్చయింది. దారిలో ఒక మనిషి దగ్గుతూ, మూలుగుతూ కుప్పకూలి ఉన్నాడు. టైము బాగా ఉందన్నవాళ్లలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. ఆలస్యమైపోయిందని తొందరపెట్టి పంపినవాళ్లలో ఆగింది 10 శాతమే. అందులో కొంతమంది వెళ్తున్నది పరాయివాడికి సాయం చేసిన మంచి సమారిటన్ కథ మీద ప్రసంగించడానికే! దేవుడి పనికి పూనుకున్నవాళ్ల గతే అదైతే, ఏడున్నర వ్యాను కోసం పరిగెత్తే పిల్లని "ఆగలేదే" అని ఎలా తప్పు పడతాం?

రోడ్డు మీద ప్రమాదం జరిగితే కారులో వెనక సీట్లో కూర్చున్న పిల్లలు మన మొహాలే చూస్తారు. "ఆపకండి, పోలీసులు, కోర్టులు, మనకెందుకు" అని మనమంటే అదే వాళ్లకి పాఠం. ఏమాటకామాట, ఆ భయం ఒకప్పుడు నిజమైనదే. కానీ 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆ విషయంలో మార్గదర్శకాలను ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోకి 134ఎ సెక్షను వచ్చింది. మంచి మనసుతో గాయపడ్డవాళ్లకి సాయం చేసిన మనిషి మీద సివిలు కేసు గానీ, క్రిమినలు కేసు గానీ పెట్టడానికి లేదు. పేరూ ఊరూ చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ సంగతి ఇంట్లో భోజనాల దగ్గర గట్టిగా చెప్పుకో. వాళ్ల నాన్నకీ చెప్పు.

ఇంకొక మాట. పిల్లలకి రోజూ కనబడే పరాయి మనుషులెవరు? రోడ్డు మీద పడిపోయినవాళ్లు కాదు. మే నెల మిట్టమధ్యాహ్నం నాలుగంతస్తులు ఎక్కి పార్సిల్ తెచ్చిన కుర్రాడు. కింద వాచ్‌మన్. వాచ్‌మన్ కూతురు. గిన్నెలు తోమే ఆమె. ఆ కుర్రాడికి మనం తలుపు సందులోంచి చెయ్యి చాపి పొట్లం అందుకుని తలుపేసేస్తాం. పనామెకి టీ ఇచ్చే గ్లాసు వేరే గూట్లో ఉంటుంది. పిల్లలు ఆ గూటిని చూస్తారు, ఏదో ఒకరోజు "ఎందుకమ్మా ఆ గ్లాసు అక్కడ" అని అడుగుతారు. అప్పుడు మనం చెప్పే జవాబులో వాళ్లకి చాలా దొరుకుతుంది. ఏ మనిషి కోసం లేవాలి, ఏ మనిషి కోసం లేవనక్కర్లేదు అన్నది పిల్లలు మననుంచే తూకం వేసుకుంటారు. నాకు ఈ విషయంలో కోపమే వస్తుంది, దాచుకోను. ఆ గ్లాసు తీసుకొచ్చి మన గ్లాసులతో కలిపి పెట్టేయ్. ఎవరు ఏమనుకున్నా సరే.

వెనకటి ఇళ్లల్లో అరుగులుండేవి. ఎండలో నడిచొచ్చిన బాటసారి అరుగు మీద కూలబడితే లోపల్నించి "ఒరేయ్, చెంబుతో మంచినీళ్లు పట్రా" అని కేక వచ్చేది. చెంబు పట్టుకొచ్చేది ఆరేళ్ల పిల్లవాడే. గోదావరి లంకల్లో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారిని ఈరోజుకీ తలుచుకుంటాం. 1909లో ఆవిడ పోయారు. ఆవిడది గొప్ప మనసే, కాదనను. కానీ అర్ధరాత్రి వచ్చినవాళ్లకీ వండి పెట్టాలంటే ఇంట్లో బియ్యం ఉండాలి, పొయ్యి వెలిగించేవాళ్లుండాలి, విస్తరి వేసేవాళ్లుండాలి. ఇల్లంతా ఆ పనిలో ఉంటే, ఆ ఇంట్లో పెరిగే పిల్లలకి పరాయివాడికి పెట్టడం వింతేమీ కాదు. పైగా అరుగు మీద ఆ పిల్లవాడు ఒంటరివాడు కాడు. లోపల అమ్మ ఉంది, ఎదురింట్లో అత్త చూస్తోంది. ఆ కాపలా లేని ఈ రోజుల్లో పిల్లవాణ్ణి ఒంటరిగా నిలబెట్టి, పరాయివాడికి సాయం చెయ్యలేదేమని అడగడం పద్ధతేనా?

ఆడపిల్లల తల్లులూ, మీతో ప్రత్యేకంగా మాట్లాడాలి. ఇంటికొచ్చిన ఎవరో అంకుల్‌ని నవ్వుతూ పలకరించలేదని, అడిగిన వెంటనే వెళ్లి పక్కన కూర్చోలేదని పిల్లకి "పొగరు" అని పేరు పెడతారు. అలాంటి తూనిక మీద మన పిల్లని ఎప్పుడూ పెట్టకండి. "పాపా, కారు దాకా ఈ సంచి పట్టుకొస్తావా", "మా కుక్కపిల్ల తప్పిపోయింది, వెతుకుదువు రా", "ఈ అడ్రసు ఎక్కడో చూపిస్తావా, బండెక్కు" అనే మాటలన్నీ సాయం పేరుతోనే వస్తాయి. చెడ్డవాడు పిల్లల దగ్గర వాడుకునేది వాళ్ల మంచితనాన్నే. బంగారు కంకణం చూపించి బాటసారిని బురదలోకి దింపిన ముసలి పులి కథా మన అమ్మమ్మలు చెప్పిందే. 48 రోజుల పస్తు తర్వాత దొరికిన అన్నాన్నీ నీళ్లనీ వచ్చినవాళ్లకి ఇచ్చేసిన రంతిదేవుడి కథా ఆ అమ్మమ్మలే చెప్పారు. రెండూ కావాలి పిల్లలకి.

అందుకని వాళ్లకి తేలిగ్గా పట్టుబడేలా చెప్పండి: పెద్దవాళ్లకి సాయం కావాలంటే పెద్దవాళ్లనే అడుగుతారు. ఒక్కదానివే ఉన్నప్పుడు ఏ పెద్ద మనిషైనా నిన్ను రమ్మని అడిగితే దగ్గరికి వెళ్లొద్దు, వెనక్కి జరిగి పరిగెత్తుకొచ్చి మాకు చెప్పు. అలా చెప్పడమే నువ్వు చేసిన సాయం. నిజంగా అవసరంలో ఉన్న మనిషైతే మేం వెళ్లి చూస్తాం. ఇది ఒకసారి చెబితే సరిపోదు. ఇంట్లోనే నువ్వు పరాయివాడిలా నటించి, దాని చేత "లేదు, రాను" అని గట్టిగా అనిపించాలి. మొదట్లో నోరు పెగలదు. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని అన్నాళ్లూ నేర్పింది మనమే కదా. 1098 నంబరు పిల్లల కోసమే ఉందని కూడా చెప్పి ఉంచండి.

అడిగినవాళ్లందరికీ అన్నీ ఇచ్చేసే పిల్లలూ ఉంటారు. పెన్సిళ్లు, టిఫిను, హోంవర్కు పుస్తకం, ఏదీ కాదనలేరు. "మా పిల్ల దేవత" అని మురిసిపోతాం. కాస్త కనిపెట్టి చూడు, కాదంటే ఎవరూ మాట్లాడరన్న బెంగతో ఇస్తోందేమో. ఆ పిల్లకి ముందు మన ఒళ్లో చోటు కావాలి.

ఇక గుణం అనేదే లేదా, ఎప్పుడు ఎలా కుదిరితే అలాగేనా అంటావా? అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పదివేల మందికి పైగా బడిపిల్లల్ని పరీక్షించి, 1928 నుంచి 1930 దాకా మూడు సంపుటాలు ప్రచురించారు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్ల ఇంకోచోట కాపీ కొట్టింది, ఒకచోట సాయం చేసినవాడు ఇంకోచోట చేయలేదు. ఏ ఒక్క పరీక్షా రెండోదాన్ని సరిగ్గా చెప్పలేకపోయింది. అయితే, తర్వాతి వాళ్లు ఆ లెక్కలన్నీ తిరగేసి, ఒక్కొక్క సంఘటన విడివిడిగా కాకుండా చాలా సంఘటనలు కలిపి చూస్తే పిల్లవాడి తీరు మెల్లగా కనబడుతుందన్నారు. నాకిది సబబుగా తోచింది. బత్తాయిలు దొర్లిన ఆ ఒక్క సాయంత్రంతో ఏమీ తేలదు. ఏడాది పొడుగునా చూడాలి. చెల్లి పడితే ఏం చేస్తున్నాడు? ఎవరూ చూడనప్పుడు కుక్కపిల్లతో ఎలా ఉంటున్నాడు? ఆటలో ఓడిపోయినవాణ్ణి ఏమంటున్నాడు? అలా చూశాక, ఎదుటివాడి బాధకి సంతోషిస్తున్నాడని అనిపిస్తే, జంతువుల్ని పదేపదే హింసిస్తున్నాడంటే మాత్రం తేలిగ్గా తీసుకోకు. కొట్టకు, దాచకు, పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్లు. సాయానికి కదలకపోవడం వేరు, ఇది వేరు.

సాయానికి ఎందుకు కదల్లేదో వాణ్ణి అడగాలనుంటే నలుగురిలో అడగకు, పోలీసులా నిలదీయకు. నువ్వు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, వాడికీ గుప్పెడు ఇచ్చి, కాసేపయ్యాక "ఆరోజు తాతగారి దగ్గరికి వెళ్లాలనిపించలేదా నాన్నా" అని అడుగు. కళ్లు కాయల మీద ఉంటే పిల్లలు నిజం చెబుతారు. "బళ్లొస్తున్నాయి కదమ్మా" అనొచ్చు. "తిడతాడేమో అనుకున్నా" అనొచ్చు. "నేను వెళ్లేలోపే ఆ పిల్ల వెళ్లిపోయింది" అనొచ్చు. ఒక తల్లికి వాళ్లబ్బాయి చెప్పింది ఇది: బైకు మీంచి పడినాయన తల దగ్గర రక్తం చూసేసరికి కాళ్లు వణికాయట, ఏం చేయాలో తెలియలేదట. ఆ తల్లి వాణ్ణి అంతదాకా రాతిగుండె అనుకుంటూ ఉంది.

రక్తం చూసి వణికే పిల్లవాడు దగ్గరికి వెళ్లనక్కర్లేదు. 108కి ఫోన్ చేస్తే చాలు. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది ఆ సర్వీసు. ఫోన్ తీసినవాళ్లు ఎక్కడ జరిగింది, ఏం జరిగింది, ఎంతమందికి దెబ్బలు తగిలాయి అని అడుగుతారు. మన పిల్లల్లో చాలామందికి ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. గూగుల్ మ్యాపు చూపించగలరు గానీ తామున్న వీధి పేరు, మండలం పేరు, దగ్గర్లో గుడో బడో పెట్రోలు బంకో ఏముందో నోటితో చెప్పలేరు. ఈ వేసవి సెలవుల్లో రోజూ సాయంత్రం బయటికి వెళ్లినప్పుడు "ఇప్పుడు మనం ఎక్కడున్నామో ఫోన్‌లో నాకు చెప్పు" అని అడుగుతూ ఉండు. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది.